పక్కింటావిడ డిగ్రీ

ఆ ఫారంలో మొత్తం ఇరవై రెండు ప్రశ్నలు. ఇరవై ఒకటింటికి అమ్మ నిలబడే జవాబులు రాసేసింది. ఏడో ప్రశ్న దగ్గర మాత్రం స్టూలు లాక్కుని కూర్చోవలసి వచ్చింది.

‘విద్యార్థి తల్లిదండ్రులలో ఎవరైనా డిగ్రీ పూర్తి చేశారా? అవును / లేదు.’

కూతురు చదివే కాలేజీలో ‘చేయూత’ అని ఒక పథకం ఉంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళల్లో లేనివాళ్ళకీ, ఒంట్లో ఏదో ఒక లోపం ఉన్నవాళ్ళకీ తోడుండే పథకం. కూతురికి రెండు చెవులూ వినపడవు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటుంది, కానీ లెక్చరర్ బోర్డు వైపు తిరిగాడంటే ఆ గంట గంగలో కలిసినట్టే. అందుకని చేయూతవాళ్ళు ఒక మనిషిని ఇచ్చారు. ఆవిడ తరగతిలో పక్కనే కూర్చుని, వినపడిన ప్రతి మాటా అప్పటికప్పుడు టైపు చేస్తుంది. కూతురు తెర మీద చదువుకుంటుంది. ఏటా ఈ ఫారం నింపి ఇస్తేనే ఆ మనిషి ఉంటుంది.

పోయినేడు ‘లేదు’ మీద టిక్కు పెట్టడానికి అరక్షణం పట్టలేదు. ఈ ఏడు సంగతి వేరు. అమ్మకి దూరవిద్య డిగ్రీలో ఒకే ఒక్క పేపరు మిగిలింది, గణాంక శాస్త్రం. రెండుసార్లు తప్పింది. ఈ గురువారం మళ్ళీ పరీక్ష. పాసైతే డిగ్రీ చేతికొస్తుంది. తప్పితే ఇక ఎప్పటికీ రాదు, ఎందుకంటే నమోదుకి గడువు ఎనిమిదేళ్ళు, ఆ ఎనిమిదేళ్ళూ ఈ పరీక్షతో తీరిపోతాయి.

కాసేపు చూసి ‘లేదు’ మీదే టిక్కు పెట్టింది. ఇవాళ్టికి అది నిజమే. సంతకం చేయబోతే దాని కింద చీమల్లాంటి అక్షరాలు కనపడ్డాయి. చెప్పిన వివరాల్లో తర్వాత ఏ మార్పు వచ్చినా తెలియజేయాలట, దాచిపెడితే సహాయం ఆపేస్తారట. అమ్మ సంతకం చేసి ఫారం కూతురి సంచిలో పెట్టింది గానీ మనసు మాత్రం ఆ ఫారంలోనే ఉండిపోయింది.

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టడం జంటపని. ఇస్త్రీ చేసే వేడి రోలరు లోంచి వచ్చిన దుప్పటిని చల్లారకముందే అందుకుని, చెరో రెండు కొసలూ పట్టుకుని ఒక్కసారి విదిలించి, వెనక్కి లాగి, సగానికి మడిచి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసకి కొస కలపాలి. చల్లారిందా, ఆ ముడత ఇక పోదు. మళ్ళీ తడపడమే.

అమ్మకి జంట రేడియో. పొద్దున్న ఎనిమిదింటికి మొదలుపెడితే షిఫ్టు అయ్యేదాకా ఆగదు కాబట్టి ఆవిడకి ఆ పేరు. రేడియోకి అక్షరం ముక్క రాదు. అయినా ఎనిమిదేళ్ళుగా మడత మడతకీ అమ్మని ప్రశ్నలడిగి సగం డిగ్రీ తానూ సంపాదించింది.

“మధ్యగతం అంటే?” అంది సోమవారం పొద్దున్న, రెండు కొసలు పట్టుకుని వెనక్కి నడుస్తూ.

“అన్నిటినీ చిన్నదాన్నించి పెద్దదానికి వరసగా పేరిస్తే సరిగ్గా నడుమ ఉండేది.”

“అంటే అటు అత్తకీ ఇటు కోడలికీ నడుమ నలిగేవాడు. నాకొచ్చేసింది. ఇక నీకు రాకపోవడమేంటి?”

“ఏమ్మా డిగ్రీ, మూడో వార్డు కట్టలు అయ్యాయా?” అని సూపర్‌వైజర్ అటునుంచి కేకేశాడు. లాండ్రీలో అమ్మకి ఆ పేరు స్థిరపడి ఐదేళ్ళయింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, పట్టా రాకముందే పిలుపు వచ్చింది. మొదట్లో అమ్మకి సిగ్గేసేది. తర్వాత తర్వాత ఆ పిలుపు విన్నప్పుడల్లా నడుం కాస్త నిటారుగా నిలిచేది.

ఆ రోజు మాత్రం మూడు దుప్పట్లకి వరసగా కొసలు కలవలేదు.

“ఏమైందే?” అంది రేడియో. అమ్మ చెప్పింది. ఏడో ప్రశ్న, గడువు, చీమల్లాంటి అక్షరాలు, అన్నీ.

“ఓసి పిచ్చిదానా, పాసవ్వు. చెప్పకు. అయిపోయింది.”

“నేను దాచినా పిల్ల దాచదక్కా. దానికి అబద్ధం రాదు. ఊరంతా చాటింపు వేస్తుంది.”

“అయితే వెళ్ళి అడుగు. అడగందే అమ్మయినా పెట్టదు.”

“అడిగితే మన ఫైలు తీస్తారు. తీసి చూస్తే ఇంకేం మిగులుతుంది? లేనిపోనిది నేనే గుర్తుచేసినట్టవుతుంది.”

రేడియో నవ్వింది. “నీకని ఎవరు అడగమన్నారు? పక్కింటావిడకని అడుగు.”

ఇద్దరికీ అది బంగారం లాంటి ఆలోచన అనిపించింది. నిజానికి కొత్త ఆలోచనేం కాదు. ఏ ఆఫీసుకి వెళ్ళినా వాళ్ళ వాడలో అందరూ అలాగే అడుగుతారు. మనకని అడిగితే మన పేరు వాళ్ళ నోట్లో పడుతుంది, పడ్డ పేరు ఊరికే ఉండదు. అందుకని రేషనుకైనా మందులకైనా, వెళ్ళినవాళ్ళు ఎప్పుడూ పక్కింటివాళ్ళ కోసమే వెళ్తారు. కిటికీ ఇవతల నిలబడ్డవాళ్ళ మాట నమ్మితే, ఈ లోకంలో కష్టాలన్నీ పక్కింట్లోనే ఉన్నాయి.

మంగళవారం షిఫ్టు అయ్యాక అమ్మ కాలేజీకి వెళ్ళింది. చేయూత గది కింది అంతస్తులో, చక్రాల కుర్చీలు ఎక్కడానికి వీలుగా వాలు కట్టిన దారి చివర ఉంది. కిటికీ వెనక గుమాస్తా కాగితాలకి చిల్లులు పెట్టి ఫైళ్ళకి గుచ్చుతున్నాడు. మంచివాడే. “చెప్పండమ్మా” అన్నాడు, చేతిలో పని ఆపకుండా.

“మా పక్కింటావిడ ఉంది సార్. వాళ్ళ అమ్మాయికి చెవులు వినపడవు. ఆవిడ డిగ్రీ చదువుకుంటోంది. ఈ నెలలో అయిపోతుంది. ఆవిడకి డిగ్రీ వస్తే అమ్మాయికి చేయూత ఉంటుందా, ఉండదా?”

“అమ్మాయి మా కాలేజీలోనే ఉందా?”

ఉందంటే ఏ తరగతి అంటాడు. తరగతి చెబితే పేరేంటంటాడు. వినపడని ఆడపిల్లలు కాలేజీ మొత్తానికి ఎంతమంది ఉంటారు?

“లేదు సార్. ఇంకా లేదు. చేర్పిద్దామని.”

“అయితే రాదమ్మా. తల్లికి గానీ తండ్రికి గానీ డిగ్రీ ఉంటే చేయూతలోకి తీసుకోం.”

“చెవులు వినపడకపోయినా?”

“దానికి వేరే దరఖాస్తు. చెవి మిషను ఇస్తారు. పక్కన కూర్చుని టైపు చేసే మనిషి మాత్రం చేయూత కిందే.” గుమాస్తా అప్పుడు తలెత్తి చూశాడు. “ఆవిణ్ణే ఒకసారి రమ్మనండి, వివరంగా చెబుతాను.”

“అలాగే సార్” అంది అమ్మ. వాలుదారి దిగుతుంటే కాళ్ళు వాటంతట అవే పరుగెత్తాయి.

బుధవారం సాయంత్రం కూతురు ఇంటికొస్తూనే చెప్పులైనా విప్పకుండా ట్యాబ్ తెరిచి అమ్మ మొహం ముందు పెట్టింది. “ఇది చదువు. ఇక్కణ్ణించి.” కూతురి గొంతు ఎప్పుడూ రెండు గదులకి సరిపోయేంత పెద్దది. అమ్మ అలవాటుగా అరచెయ్యి కిందికి దించి, తగ్గించమని సైగ చేసింది. కూతురు తగ్గించింది, ఓ పిసరు.

తెర మీద ఆ రోజు పాఠం ఉంది. మధ్యలో లెక్చరర్ తన కళ్ళజోడు గురించి వేసిన జోకు ఉంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో వెతుక్కోవడానికి ఇంకో కళ్ళజోడు కొన్నానని, ఇప్పుడు రెండూ కనపడటం లేదని. గొప్ప జోకేం కాదు. టైపు చేసే ఆవిడ దాన్ని పొల్లుపోకుండా కొట్టి, పక్కన ‘తరగతి నవ్వుతోంది’ అని కూడా పెట్టింది.

“నేను కూడా నవ్వాను” అంది కూతురు. “వాళ్ళతో పాటే. అదే టైముకి.”

అంతకుముందు కూతురు ఎలా నవ్వేదో అమ్మకి తెలుసు. ముందు బెంచీ వాళ్ళ భుజాలు కదిలితే, ఏదో నవ్వే విషయమని పోల్చుకుని నవ్వేది. అప్పటికి అందరి నవ్వూ అయిపోయేది. ఒక్కతే నవ్వుతూ మిగిలేది. ఒకసారి బడి గుమ్మంలోంచి అది చూసిన అమ్మ ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

ట్యాబ్ తిరిగిస్తుంటే అమ్మ లోపల ఏదో తెగిపోయింది. ఇక ఆలోచించడానికేం లేదు. ఎనిమిదేళ్ళు ఒక వైపు, ఈ పిచ్చి జోకు ఒక వైపు పెట్టి తూస్తే ఏ తల్లికైనా జోకే బరువు. కూతురికి చెప్పాలన్న ఆలోచన రాకపోలేదు. చెబితే ఒప్పుకోదు, పెద్ద గొంతుతో పేచీ పెడుతుంది, చేయూత నాకొద్దని వాళ్ళ మొహానే చెప్పి వస్తుంది. చిన్నది, దానికేం తెలుసు.

ఆ చిన్నది అప్పటికే నాలుగు పెన్నులు తెచ్చి, ఒక్కోదాన్నీ చిత్తుకాగితం మీద గీసి చూసి, హాల్ టికెట్‌తో పాటు కవర్లో పెడుతోంది.

“మన ఇంట్లో మొదటి డిగ్రీ నీది, రెండోది నాది” అంది. “వరస తప్పకూడదు.”

పరీక్ష హాల్లో అమ్మ వయసువాళ్ళు ముగ్గురో నలుగురో ఉన్నారు. తక్కినదంతా కుర్రకారు. ప్రశ్నపత్రం చేతిలో పడగానే అమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. ఏ దేవుడు పగబట్టాడో, అన్నీ వచ్చినవే. రెండుసార్లు తప్పినప్పుడు ఈ ప్రశ్నలు ఏ గంగలో దూకాయో తెలియదు. రోలరు ఆవిరిలో, రేడియో వేళాకోళంలో నేర్చుకున్నవన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా కూర్చుని ఉన్నాయి.

పాసవ్వాలంటే ముప్ఫై ఐదు రావాలి. తెల్లకాగితం ఇస్తే ఇన్విజిలేటర్ అడుగుతుంది, పేచీ అవుతుంది. ఇరవై మార్కులకి రాసి ఊరుకుంటే సరి. పాసయ్యేందుకు ఎంత రాయాలో లెక్కేసేవాళ్ళే గానీ, తప్పేందుకు లెక్కేసి రాసినవాళ్ళు ఆ హాల్లో ఇంకెవరూ ఉండరు.

మధ్యగతం లెక్క చేసింది. పది మార్కులు. చిన్న ప్రశ్నలు రెండు రాసింది. ఇంకో పది. అక్కడితో ఆపాలి. ఆపి గోడ వంక చూసింది. గోడ మీద చూడటానికి ఏముంటుంది? మళ్ళీ కాగితం వంక చూసింది. రెండుసార్లూ తనని ముంచిన లెక్క, ప్రామాణిక విచలనం, ఇరవై మార్కులది, నన్ను చెయ్యలేవన్నట్టు చూస్తోంది. చేయగలనో లేదో చూసుకుందామనుకుంది, తన కోసం. పట్టిక గీసింది. సగటు తీసింది. ఒక్కో అంకె నుంచీ సగటు తీసేసి, వర్గం కట్టి, కూడి, భాగించి, వర్గమూలం దాకా వచ్చేసరికి హాలూ లేదు, ఫారమూ లేదు. జవాబు తేలింది. సరిచూసుకుంది. అక్షరాలా సరిపోయింది. అంత సంతోషం అమ్మ ఈ మధ్యకాలంలో ఎరగదు.

ఆ తర్వాత దాని మీద అడ్డంగా గీత గీసింది. ఒక గీత చాలదేమోనని ఇంకోటి గీసింది.

కాగితాలు పంచుతూ అటుగా వచ్చిన ఇన్విజిలేటర్, చిన్న పిల్ల, వంగి చూసింది. “ఎందుకండీ కొట్టేశారు? కరెక్టేనేమో చూసుకోండి” అంది మెల్లగా.

“తప్పమ్మా” అంది అమ్మ. “నాకు తెలుసు.”

గేటు బయట కూతురు కాచుకుని ఉంది. ఎలా రాశావని అడగలేదు. అమ్మ కళ్ళు ఎర్రబడి ఉండటం చూసి, అంత కష్టపడి రాసిందనుకుని, చేతిలోని కవరు తాను అందుకుంది.

శుక్రవారం లాండ్రీలో రేడియోకి ఒక్కదానికే చెప్పింది. ఆ రోజు షిఫ్టు అయ్యేదాకా రేడియో మోగలేదు.

తర్వాతి బుధవారం కోఆర్డినేటర్ మేడమ్ తల్లీకూతుళ్ళిద్దర్నీ పిలిపించింది. చేయూత మొత్తానికీ ఆవిడే పెద్ద. నడివయసు మనిషి, మాట్లాడేటప్పుడు కూతురి వైపు తిరిగి, నోరు కనపడేలా మాట్లాడుతుంది. బల్ల మీద వాళ్ళ ఫారం తెరిచి ఉంది.

“ఇది చూశారా?” అని ఏడో ప్రశ్న పక్కన మార్జిన్ చూపించింది. అమ్మ పెట్టిన టిక్కు కింద కూతురి గుండ్రటి అక్షరాలు.

‘మా అమ్మ గురువారం చివరి పరీక్ష రాస్తోంది. నెలాఖరుకి ఈ జవాబు అవును అవుతుంది. దయచేసి దిద్దుకోగలరు.’

అమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. “అది చిన్నపిల్ల మేడమ్, తెలియక రాసింది. నాకు డిగ్రీ రాదు. కావాలంటే రాసిస్తాను. లేదు అనే ఉంచండి మేడమ్, దానికి ఆ మనిషిని తీసెయ్యకండి.”

మేడమ్ నవ్వింది. “అయ్యో, ఎందుకంత కంగారు? అమ్మాయి చేరిన రోజున ఇంట్లో డిగ్రీ ఉందా లేదా, అంతే మేం చూసేది. ఒకసారి చేరాక మీరు డిగ్రీ చేసినా, ఆపైన పెద్ద చదువులు చదివినా, తన చదువు అయ్యేదాకా ఎవర్నీ తీసెయ్యం. నేను పిలిచింది అందుకు కాదు. తల్లిదండ్రుల మీటింగులో మీరు రెండు మాటలు మాట్లాడాలి. పని చేసుకుంటూ డిగ్రీ చేసిన తల్లి మాకు మీరొక్కరే.”

అమ్మకి మాటలు వినపడుతున్నాయి గానీ లోపలికి దిగటం లేదు. “ఆ రూలు...” అంది. “ఎక్కడ రాసుంది మేడమ్?”

“ఆఫీసు పుస్తకంలో ఉంది. ఫారం మీద కూడా వేయించాలని మూడేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాం.”

అప్పుడే గుమాస్తా సంతకాలకి ఫైలు పట్టుకుని లోపలికొచ్చాడు. అమ్మని చూసి ఆగాడు. “మీరా! మొన్న పక్కింటావిడ గురించి అడిగింది మీరే కదూ? ఈ అమ్మాయి మీ అమ్మాయా?” అని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మనిషికి సంగతి అర్థమైనట్టుంది. “అమ్మాయి ఇక్కడ లేదన్నారు కదమ్మా. ఉందని ఒక్క మాట అనుంటే వేరే చెప్పేవాణ్ణి.”

అతను నిలబడ్డది కూతురికి ఎదురుగా. కూతురు ఆ పెదాల మీది మాట ఒక్కటీ వదల్లేదు. తర్వాత తల తిప్పి అమ్మని చూసింది. మీటింగు తారీకు మేడమ్ చెబుతూనే ఉంది. కూతురు లేచి, అమ్మ మోచెయ్యి పట్టుకుని వరండాలోకి నడిపించుకొచ్చింది.

“పక్కింట్లో ఎవరున్నారమ్మా?” అంది. “ఉండేది తాత ఒక్కడే కదా.”

అమ్మ వాలుదారి వంక చూసింది.

“పరీక్ష రాయలేదా?”

“రాశాను.”

“ఎంతకి?”

“ఇరవైకి.”

“మిగతాది రాకనా?”

అమ్మ అబద్ధం ఆడేదే. కానీ మొహంలోకి అంత దగ్గరగా, అంత పట్టిపట్టి చూసేవాళ్ళ ఎదుట అబద్ధం ఎలా ఆడాలో ఆవిడకి ఇన్నేళ్ళలో అలవాటు కాలేదు. “వచ్చు” అంది. “అన్నీ వచ్చు.”

“నన్నడిగావా?”

“అడిగితే ఒప్పుకునేదానివా?”

“ఒప్పుకోను!” కూతురి గొంతు వరండా చివరిదాకా వెళ్ళింది. నడుస్తున్నవాళ్ళు ఆగారు. “ఒప్పుకోను కాబట్టే అడగాలి!”

అమ్మ అరచెయ్యి అలవాటుగా కిందికి దిగింది.

“తగ్గించను. డాక్టరు దగ్గరికి వెళ్తే నాకెలా ఉందో నిన్నడుగుతారు. కొట్టుకి వెళ్తే నాకేం కావాలో నిన్నడుగుతారు. అందరూ నా నెత్తి మీంచే మాట్లాడుకుంటారు. నువ్వొక్కదానివే నా మొహం చూసి మాట్లాడతావనుకున్నాను. నువ్వు కూడా కిటికీ దగ్గరికెళ్ళి నా సంగతి ఎవరితోనో మాట్లాడుకొచ్చావు. ఇక రేపట్నించి ఆవిడ టైపు చేసే ఒక్కో మాటా నీ డిగ్రీ అమ్మి కొన్నట్టు చదువుకోవాలి నేను. అదీ ఊరికే వచ్చేదాన్ని!”

“నీ కోసమే కదే తల్లీ...”

“నా కోసమని నేనన్నానా?”

గంట కొట్టారు. గదుల్లోంచి పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. అమ్మ ఆ తొక్కిడిలోనే కూతురి రెండు భుజాలూ పట్టుకుని తన వైపు తిప్పుకుంది. చెప్పుకోవడానికి ఎంతో ఉంది. ఆ జోకు సంగతి, ఆ రోజు బడి గుమ్మంలో నిలబడిన సంగతి, కొట్టేసిన లెక్క అక్షరాలా సరిపోయిన సంగతి.

కూతురు కళ్ళు గట్టిగా మూసుకుంది.

అమ్మ అయినా చెప్పింది. మొదటినుంచి చివరిదాకా, ఏడుస్తూ, చెప్పవలసిందంతా చెప్పింది. వరండాలో ఉన్నవాళ్ళంతా విన్నారు.